నాలుగో మూల

మూడో అంతస్తు ఇల్లు,
ఆదివారం మధ్యాహ్నం.

వదినా,

ఫోను చేస్తే మీకు సగం మాటలే వినపడతాయి, మిగతా సగం మీరే కల్పించుకుంటారు. పోయినసారి నేను "ఇక్కడ చలిగా ఉంది" అంటే మీరు "చెల్లి ఎప్పుడొచ్చింది?" అన్నారు. నాకు చెల్లెలే లేదు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. పైగా ఇది తీరిగ్గా కూర్చుని చదవాల్సిన కబురు.

నిన్న ఆయన భోజనం మధ్యలో తలెత్తి, "ముందుగదిలో ఆ మూలలు బోసిగా ఉన్నాయి. ఏమైనా పెట్టకూడదూ" అన్నారు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో చిన్న బల్ల ఒకటి కొందామంటే, ఖాళీగా ఉంటేనే గది పెద్దగా కనపడుతుందన్నారు. పటం తగిలిద్దామంటే, మేకు దిగితే గోడ పెచ్చు లేస్తుందన్నారు. ఆ తర్వాత నేను అడగడం మానేశాను. అడగకపోతే ఏమవుతుందో మీకు తెలుసుగా, వీళ్ళకేమీ అక్కర్లేదని అందరూ అనుకుంటారు. కొన్నాళ్ళకి మనమూ అనుకుంటాం.

అలాంటి మనిషి తనంతట తనే అడిగారు. "నీకు నచ్చినట్టు చెయ్యి, నన్ను అడగక్కర్లేదు" అని కూడా అన్నారు. నాకు రాత్రి నిద్ర పట్టలేదంటే మీరు నవ్వుతారు.

మీరు కర్టెన్లు కొలవడానికి ఎన్నెన్ని ఇళ్ళలోకి వెళ్తారో. ఏ గదికి ఏం నప్పుతుందో మీకు తెలిసినంత నాకు తెలియదు. నేను పొద్దున్నించి సాయంత్రం దాకా దుకాణంలో కూర్చుని కళ్ళద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే దాన్ని. నాకు కనపడేదంతా అరచేతంత దూరంలోనే. కాబట్టి చెప్పండి. గుమ్మం పక్క మూల ఇరుకు, చెప్పులు విడిచే చోటు. సోఫా వెనక మూలకి వెలుతురు రాదు. వంటింటి గోడ మూల చెమ్మకి మరకలు పట్టింది. ఈ మూడింటికీ ఏం పెట్టమంటారు?

కిటికీ పక్క మూల సంగతి మీకు తెలుసు. దాని గురించి అడగడం లేదు.

మీ మరదలు

*

కర్టెన్ల దుకాణం,
బేరాల్లేని వేళ.

మరదలు పిల్లా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి కబురు కోసం, ఒకసారి నీ సంబరం కోసం. మా తమ్ముడు నోరు తెరిచి ఒక మంచిమాట అన్నాడంటే నాకూ ఆశ్చర్యమే. చిన్నప్పుడు వాడికి నేను తలదువ్వుతుంటే, బాగుందని చెప్పడానికి బదులు "ఇంకా అవలేదా" అనేవాడు. అదే వాడి మెచ్చుకోలు.

ఇక మూలలు. గుమ్మం పక్క సన్నటి ఎత్తు బల్ల పెట్టు, ఒక గిన్నె తప్ప దానిమీద ఏమీ వద్దు. తాళాలు వేసుకోవడానికి. ఎక్కువ పెట్టావంటే సంత అవుతుంది. సోఫా వెనక నిలువు దీపం పెట్టు. దాని వెలుగు నేలమీదికి కాదు, గోడమీదికి పడాలి. అప్పుడు గది వెనక్కి జరిగినట్టుంటుంది. చెమ్మ మూలకి మొదట సున్నం వేయించి, ఆరాక పెద్ద ఆకుల మొక్క పెట్టు. ఒక్కటే, పెద్దది. చిన్న కుండీలు పది పెట్టేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. పిల్లల బడి గుర్తొస్తుంది.

ఒక్క మాట విను. ఏదీ గోడకి బిగించకు. మేకులు, అరలు వద్దు. ఎత్తి పక్కన పెట్టగలిగేవే కొను. కుండీ కూడా మట్టిది కాదు, తేలికది. రేపు మనసు మారితే జరుపుకోవచ్చు. నీ సొంత డబ్బు కూడా ఎక్కువ పెట్టకు, వాడినే పెట్టనీ. ఇల్లలకగానే పండగ కాదు.

నా చెవి అలాగే ఉంది. నిన్న ఒకావిడ పసుపు గుడ్డ అడిగితే కసురుకుందనుకుని నేను కూడా కసిరాను. బేరం పోయింది. ఈ దుకాణంలో నా పక్కన మరో మనిషి ఉండాలి, ఇంక ఒక్కదాని వల్ల కాదు.

మీ వదిన

*

మూడో అంతస్తు ఇల్లు,
వాన ఆగిన సాయంత్రం.

వదినా,

మూడు మూలలూ అయిపోయాయి. మీరు వచ్చి చూస్తే నన్ను మీ దుకాణంలో పనికి పెట్టుకుంటారు.

దీపం మీరు చెప్పినట్టే తిప్పి పెట్టాను. వెలిగించగానే గోడకి ఒక గది తెరుచుకున్నట్టయింది. సున్నం వేసినతను చెమ్మ చూసి, "పైపైన వేస్తే రెండు వానలకి మళ్ళీ తేలుతుందమ్మా, లోపలి గొట్టం మార్చాలి" అన్నాడు. ఆయన మాత్రం "పైన వేస్తే చాలు, ఇప్పటికి బాగుంటే చాలు" అన్నారు. మొక్క తెచ్చాం. దాని ఆకులు నా రెండు చేతులంత ఉన్నాయి. పొద్దున పనికి వెళ్ళబోతూ దాని ఆకులు తుడుస్తున్నాను. దుకాణంలో అద్దాలు, ఇంట్లో ఆకులు. నా బతుకంతా తుడవడమే.

ఆయనలో ఇంత మార్పు నేను ఎప్పుడూ చూడలేదు. ఆఫీసు నుంచి రాగానే గదంతా ఒకసారి చూసుకుంటున్నారు. సోఫా కవర్లు తనే తెచ్చారు. ఎవరెవరినో ఇంటికి పిలుస్తున్నారు. పోయిన వారం తెలిసినాయన ఒకరు భార్యతో వచ్చారు. ఆవిడకి మన ఇల్లు ఎంత నచ్చిందో, వంటింట్లో కుళాయి కూడా తిప్పి చూసింది. పడగ్గది అలమరా తెరవబోతే నాకే సిగ్గేసింది, లోపల బట్టలు సర్ది లేవు. ఆయన మాత్రం నవ్వుతూ "చూడనీ" అన్నారు. మన ఇల్లు చూపించుకోవాలని ఆయనకి ఇంత ముచ్చట ఉందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

అయితే ఒకటి. నిన్న కిటికీ పక్క మూల చూపించి, "మూడూ సర్ది అదొక్కటీ వదిలేస్తే పన్ను ఊడినట్టుంది" అన్నారు. నేను విననట్టు లోపలికి వెళ్ళిపోయాను. ఆయన మళ్ళీ అడిగారు. నా వల్ల కాదు వదినా. ఆ చోట చీపురు కూడా నెమ్మదిగా ఆడిస్తాను. నేలమీద ఉయ్యాలతొట్టి కాళ్ళు ఒరిసిన మచ్చలు నాలుగూ ఇంకా అలాగే ఉన్నాయి. అక్కడ ఏం పెట్టినా, పాప లేదని నేనే ఒప్పుకుని సంతకం పెట్టినట్టుంటుంది.

ఈ మాట ఆయనతో అనలేను. మీతోనే అనగలను.

మీ మరదలు

*

దుకాణం వెనక గది,
తలుపు వేసుకుని.

మరదలు పిల్లా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి కూర్చోవడం, లేవడం. ఈ రోజు దుకాణం మూసి కూర్చున్నాను.

ఆ తొట్టిని నేనే కిందకి మోసుకెళ్ళాను. నీకు చెప్పలేదు కానీ, రెండో అంతస్తు మెట్ల మలుపులో దించి కూర్చుని ఏడ్చాను. వారం కూడా బతకని పసిదాని కోసం ఇంత ఏడుపు నాలో ఉందని నాకు తెలియదు. నాకు పిల్లల్లేరు. నీ పాపని మొదట ఎత్తుకున్నది నేనే. దాని తల ఎంత వేడిగా ఉండేదో నా మోచేతికి ఇప్పటికీ తెలుసు.

అందుకే నేను చెబితే నీకు కోపం రాదనుకుంటాను. ఆ మూలని నువ్వు పాప కోసం అట్టేపెట్టాననుకుంటున్నావు. కాదు. దానికి ఆ మూల ఏం తెలుసు? దానికి తెలిసింది నీ ఒడి. సోఫాని అటు మొహం లేకుండా వేశావు, నువ్వు కూడా అటు వీపు పెట్టుకునే బతుకుతున్నావు. నీ ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ వెలుతురు వచ్చే చోటుకి నువ్వే వెళ్ళవు.

అక్కడ ఒక కుర్చీ వెయ్యి. చేతులున్నది, వెడల్పైనది, ఒడిలో ఎవరైనా ఉంటే ఆనుకుని కూర్చునేలాంటిది. వేసి, అలంకారానికి వదిలేయకు. కూర్చో. మొదటిరోజు ఏడుస్తావు. ఏడువు. రెండోరోజు కూడా ఏడుస్తావేమో. ఆ తర్వాత ఒకరోజు కిటికీలోంచి వీధి కనపడుతుంది. నేను నా ఆయన పోయాక ఆయన మంచం మీద పడుకోవడానికి భయపడి రెండేళ్ళు నేలమీద పడుకున్నాను. నడుం పోయింది తప్ప ఏం మిగిలింది? ఒకరోజు మంచమెక్కాను. ఆయనకి దూరమయ్యాననుకుంటావా? దగ్గరయ్యాను.

మచ్చల మీద కుర్చీ కాళ్ళు పెట్టకు. మచ్చలు మధ్యలో ఉండేలా వెయ్యి. నువ్వు కూర్చుంటే అవి నీ కింద, నీ నీడలో ఉంటాయి.

మీ వదిన

*

మూడో అంతస్తు ఇల్లు,
కిటికీ పక్కన.

వదినా,

ఎక్కడ కూర్చుని రాస్తున్నానో పైన చూసే ఉంటారు.

మీ ఉత్తరం దుకాణంలో చదివాను. మా యజమాని "కళ్ళకేమైంది, అద్దం పొడి పడిందా" అని అడిగారు. అవునన్నాను. సాయంత్రం అటునుంచి అటే వెళ్ళి కుర్చీ కొన్నాను. నా జీతంతో కొన్నాను, మీరు వద్దన్నా సరే. ఇది ఆయన డబ్బుతో కొనేది కాదు. కుర్చీ తెచ్చినతను "ఎక్కడ వేయాలమ్మా" అంటే వేలితో చూపించాను. మచ్చలు మధ్యలో ఉండేలా నేనే జరిపాను.

మొదటిరోజు ఏడ్చాను. మీరు చెప్పారు కాబట్టి భయం లేకుండా ఏడ్చాను. రెండోరోజు పాపకి ఏ పేరు పెట్టాలనుకున్నామో అది మెల్లిగా పైకి అన్నాను. ఇన్నేళ్ళుగా నోటితో అనలేదు. ఇవాళ ఎదురు మేడమీద ఒక ముసలాయన బట్టలు ఆరేస్తూ ప్రతి చొక్కానీ దులిపి, వాసన చూసి, మళ్ళీ దులపడం చూశాను. చూసి నవ్వాను. నవ్వాక గుర్తొచ్చింది, ఎక్కడ కూర్చుని నవ్వానో.

ఆయన వచ్చి గుమ్మం దగ్గర్నించి ఒకసారి, సోఫా దగ్గర్నించి ఒకసారి చూశారు. తర్వాత "చాలా బాగుంది" అన్నారు. ఇంకా అవలేదా అనలేదు, బాగుందన్నారు. నన్ను పక్కకి జరగమని ఆ మూలని ఫొటో తీసుకున్నారు. పాప గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆయన కూడా లోపల మోస్తూనే ఉన్నారేమో, నేనే ఆయన్ని రాయి అనుకున్నానేమో అనిపించింది.

మీరు నాకు అత్తవారింటి మనిషని ఎప్పుడూ అనుకోలేదు. మా అమ్మ ఉండి ఉన్నా మీరు రాసిన ఉత్తరం ఆవిడ రాయగలిగేది కాదు. నా మొహం మీద నవ్వే కాదు, లోపలిది కూడా తెలిసిన మనిషి మీరొక్కరే. ఈ ఇంట్లో ఇప్పుడు నాకు వెళ్ళకూడని చోటు లేదు.

మీ మరదలు

*

కర్టెన్ల దుకాణం,
హడావిడిలో.

మరదలు పిల్లా,

నీ ఉత్తరం అందింది. చాలా సంతోషం. నువ్వు నవ్వావంటే నాకింకేం కావాలి.

పెళ్ళిళ్ళ బేరాలు, ఊపిరాడటం లేదు. ఎక్కువ రాయలేను. నువ్వు నేను అనుకున్నదాని కంటే గట్టిదానివి. నీలాంటిది ఎక్కడున్నా, ఏ ఊళ్ళో ఉన్నా ఇట్టే సర్దుకుపోతుంది. మా వీధిలో కూడా ఒక కళ్ళద్దాల దుకాణం పెట్టారు, చూశాను. ఊరికే గుర్తొచ్చి రాశాను.

ఆరోగ్యం జాగ్రత్త. వాడి మీద దేనికీ తొందరపడి కోపం తెచ్చుకోకు.

మీ వదిన

*

మూడో అంతస్తు ఇల్లు,
సోమవారం.

వదినగారికి,

నిన్న పొద్దున బెల్లు మోగితే తలుపు తీశాను. కుళాయి తిప్పి చూసినావిడ, ఆవిడ భర్త. ఆయన చేతిలో కొలత టేపు ఉంది. మీ తమ్ముడు నా వెనకనించి వచ్చి, "రండి రండి. నువ్వు టీ పెట్టు" అన్నారు.

టీ పెట్టాను. తెచ్చేసరికి ఆవిడ కిటికీ కొలుస్తోంది. భర్త టేపు అటు చివర పట్టుకుని నా కుర్చీ మీద మోకాలు ఆనించాడు. ఆవిడ నన్ను చూసి నవ్వి, "మీరే సర్దారటగా. మొదటిసారి వచ్చినప్పుడు నాకంతగా నచ్చలేదండీ. ఈ మూల ఫొటో చూశాక మనసు నిలిచిపోయింది. కుర్చీ, మొక్క, దీపం అన్నీ ఇంటితోపాటే వదిలేస్తున్నారని మావారు చెబితే నేను నమ్మలేదు" అంది.

"ఇంటితోపాటు అంటే?" అన్నాను.

ఆవిడ మొహం మాడిపోయింది. మీ తమ్ముడి వైపు చూసింది. ఆయన టీ కప్పు అందుకుని, "తర్వాత మాట్లాడదాం" అన్నారు నాతో. అందరికీ టీ ఇచ్చాను. వాళ్ళు సగం తాగి వెళ్ళిపోయారు.

అప్పుడు మాట్లాడుకున్నాం. మాట్లాడుకోవడమంటే, ఆయన చెప్పారు. ఉద్యోగం విసుగొచ్చిందట. మీ దుకాణంలోకి వస్తున్నారట, మీరిద్దరూ కలిసి పెద్దది చేస్తారట. ఇల్లు ఆయన పేరు మీద ఉంది కాబట్టి నా సంతకంతో పని లేదట. చాలాకాలంగా బేరానికి పెట్టి, నేను పనిలో ఉన్నప్పుడు చూపించినా ఎవరూ ఒప్పుకోలేదట, బోసిగా ఉందనేవారట. "నువ్వు మూలలు సర్దావు, కుదిరిపోయింది. అంతా నీ చేతి చలవే" అన్నారు. వెటకారం కాదు వదినగారూ. నిజంగా మెచ్చుకున్నారు.

"నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెబితే ఏడుస్తావు. ఏడుస్తూ సర్దితే బాగుంటుందా?"

"మరి ఆ మూల?"

"నేను చెబితే వినలేదుగా. అక్కకి చెప్పాను. ఆవిడ మాటైతే వింటావని. అక్కకి మొదటినుంచీ అన్నీ తెలుసు."

తడిగుడ్డతో గొంతు కోస్తారని వినడమే. గుడ్డ ఎంత మెత్తగా ఉంటుందో నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

ఇది నిజం కాదని ఒక్క ముక్క రాయండి. నమ్ముతాను. మీ తమ్ముడు అబద్ధమాడారనే నమ్ముతాను.

ఇట్లు

*

దుకాణం వెనక గది.

అమ్మాయీ,

నిజమే. కాదని రాసి నిన్ను మళ్ళీ మోసం చెయ్యలేను.

వాడు నాకు ముందే చెప్పాడు. నీతో చెప్పమని పోరాను. "అయ్యాక చెబుతాను, ఇప్పుడు చెబితే కానివ్వదు, నువ్వు నోరు జారకు" అన్నాడు. నేను వాడి అమ్మని కూడా కదా. మా అమ్మ పోయేనాటికి వాడికి పాలపళ్ళు ఊడలేదు. వాడు నన్నేదైనా అడిగితే కాదనడం నాకు చేతకాదు. గోడకి ఏదీ బిగించకు, సొంత డబ్బు పెట్టకు అని నేను రాసినవి ఒకసారి తిరగేసి చూడు. అంతకంటే పైకి చెప్పలేకపోయాను.

నా స్వార్థం కూడా ఉంది, దాచను. ఒంటరిగా ఉన్నాను. చెవి పోతోంది. నా వాళ్ళంటూ ఎవరైనా పక్కన ఉంటే బాగుండునని ప్రతి సాయంత్రం షట్టరు దించేటప్పుడు అనుకునేదాన్ని. వాడొస్తే నువ్వూ వస్తావు. నాకు వాడికంటే నువ్వు వస్తావన్నదే ఎక్కువ ఆశ. నమ్మవు, తెలుసు.

కానీ ఆ మూల గురించి రాసిన ఉత్తరంలో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. వాడు అడిగిన మాట వాస్తవం. వాడు అడక్కపోయినా ఏదో ఒకరోజు అదే రాసేదాన్ని. నువ్వు ఏడ్చావు, పేరు పలికావు, నవ్వావు. అది ఇల్లు అమ్మినంత మాత్రాన వెనక్కి పోతుందా? ఇల్లంటే ఇటుకలు. నీలోది ఎవరూ అమ్మలేరు.

ఇక్కడికి రా. నా ముందుగది మీ గదికంటే పెద్దది. దానికీ మూలలున్నాయి. నేను ఏవీ ముట్టుకోను, అన్నీ నీవే. కసురు, తిట్టు, నెలల తరబడి నాతో మాట్లాడకు. వచ్చి మాట్లాడకు.

మీ వదిన

*

కళ్ళద్దాల దుకాణం,
మధ్యాహ్నం విరామంలో.

వదినగారికి,

నిన్నటితో ఇల్లు ఖాళీ అయింది. మీ తమ్ముడు ఈపాటికి మీ దగ్గరికి చేరి ఉంటారు. నేను రావడం లేదు. ఇక్కడే, దుకాణానికి రెండు వీధుల అవతల, ఒకావిడ మేడమీద గది అద్దెకిచ్చింది. నా జీతానికి సరిపోతుంది. మీ వీధిలో కళ్ళద్దాల దుకాణం ఉందని రాసిన రోజే మీరు నాకు ఉద్యోగం కూడా చూసిపెట్టారన్నమాట. అన్నీ ఆలోచించారు. నన్ను అడగడం ఒక్కటే మరిచిపోయారు.

తాళాలు ఇచ్చేటప్పుడు కొన్నావిడ పక్కకి పిలిచి, "మీకు తెలియదని నాకు నిజంగా తెలియదండీ. ఆ కుర్చీ మీరు తీసుకెళ్ళండి, నేను మావారితో చెబుతాను" అంది. మీ తమ్ముడు మెట్లమీద నిలబడి, మాట ఇచ్చేశాం కదా అన్నట్టు చూస్తున్నారు. పరాయి మనిషికి ఉన్న పాటి మర్యాదకి నాకు ఏడుపొచ్చింది. "వద్దండీ, అది మామూలు కుర్చీయే. కూర్చోండి, వెలుతురు బాగుంటుంది" అన్నాను. అంత తేలిగ్గా అబద్ధమాడగలనని నాకు తెలియదు. మీ ఇంటి కోడలిగా ఇన్నేళ్ళలో నేర్చుకున్న విద్య అదొక్కటే.

మీ ఉత్తరంలో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదని రాశారు. అది నాకు తెలుసు. అబద్ధమైతే ఎంత బాగుండేది. నవ్వి, చింపి పారేసి, మిమ్మల్ని కూడా మరిచిపోయేదాన్ని. నిజం చెప్పి మోసం చేశారు. ఇప్పుడు ఆ పేరు మళ్ళీ పలకబోతే మీ తమ్ముడు ఫోను పైకెత్తి ఫొటో తీస్తున్నట్టే ఉంటుంది. ఇంతకుముందు నాకు ఒక మూల మాత్రమే వెళ్ళకూడని చోటు. ఇప్పుడు నాలోనే అలాంటి చోటు ఒకటి ఏర్పడింది. అది మీరు కట్టిందే.

మీ తమ్ముడి మీద కోపమా అని మీరు అడగలేదు, అయినా చెబుతాను. లేదు. ఆయనకి ఆ మూలంటే ఏమిటో తెలియదు. తెలియనివాడు తొక్కుకుంటూ పోతే ఏమనగలం? మీకు తెలుసు. ఎంత వేడిగా ఉండేదో మోచేతికి గుర్తున్న మనిషి మీరు. ఆ మోచేత్తోనే నన్ను తోశారు.

కొత్త గదికి మూలలున్నాయి. వాటితో నాకేమీ పని లేదు.

ఇట్లు

*

నీ గది ముందు, మెట్లమీద.

అమ్మాయీ,

కాగితం లేదు, దుకాణం బిల్లు వెనక రాస్తున్నాను. నీకు వరసగా నాలుగు ఉత్తరాలు వేశాను, ఒక్కదానికీ జవాబు లేదు. ఇంక ఆగలేక వచ్చాను. ఇంటావిడ నువ్వు పనికి వెళ్ళావంది. ఆదివారం కూడా పనేనా అంటే ఏమో అంది. నాకు సరిగా వినపడక రెండుసార్లు అడిగాను, విసుక్కుంది.

కాసేపు చూసి వెళ్తాను. మా ఊరి బస్సు చీకటిపడకముందే పోతుంది.

వాడు బాగానే ఉన్నాడు. గుడ్డ కొలవడం రావడం లేదు, నేర్చుకునే ఓపికా లేదు. గల్లా పెట్టె దగ్గర కూర్చుంటాడు. బేరానికొచ్చిన వాళ్ళు నా వైపు చూసి మాట్లాడితే వాడే జవాబు చెప్పేస్తాడు. మొన్న "అక్కా, నువ్వు ఇంట్లో విశ్రాంతి తీసుకోరాదూ" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నీ గురించి ఎప్పుడైనా ఎత్తితే, "అదే వస్తుందిలే" అంటాడు. పక్కన మనిషి ఉంటే బాగుండునని కోరుకున్నాను. ఉన్నాడు.

నీకు ఒక కర్టెను కుట్టి తెచ్చాను. కిటికీ కొలత తెలియదు, అందుకని వెడల్పు ఎక్కువే ఉంచాను, పక్కలు మడిచి పెట్టాను. ఎక్కువైతే నువ్వే కుట్టుకో. ఇంటావిడకి ఇచ్చి వెళ్తున్నాను.

క్షమించమని అడగడానికి రాలేదు. ఒకసారి చూద్దామని వచ్చాను. మెట్లు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. ఇక్కడ నీ చెప్పులు కనపడ్డాయి, వాటి పక్కనే కూర్చున్నాను.

పనినించి వచ్చాక ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే.

వదిన

*

మేడమీది గది,
ఆ మర్నాడు.

వదినగారికి,

మీరు ఒక్క ముక్క రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఆ తర్వాత మీరు రాసినా నేను విప్పను.

కర్టెను ఇంటావిడకే ఇచ్చేశాను. వాళ్ళ గదికి సరిపోయింది. పనితనం చూసి, ఎవరు కుట్టారని అడిగింది. తెలిసినావిడ అన్నాను.

నేను పనికి వెళ్ళానని ఇంటావిడ చేత చెప్పించింది నేనే, మీరెప్పటికైనా వస్తారని ముందే చెప్పి ఉంచాను. మీరు వీధి మలుపు తిరగడం కిటికీలోంచి చూశాను. చేతిలో సంచి, అటూ ఇటూ ఇంటి నంబర్లు వెతుక్కుంటూ, ఒక గుమ్మం దాటి మళ్ళీ వెనక్కి వచ్చారు. నా కాళ్ళు మెట్ల వైపు రెండడుగులు వేశాయి. ఆ పని అవి నన్నడక్కుండానే చేశాయి. అప్పుడు గడియ వేశాను.

మీరు మెట్లెక్కి ఆయాసపడటం విన్నాను. ఒకసారి తలుపు తట్టారు, గట్టిగా కూడా కాదు, ఇవతల పసిపిల్ల నిద్రపోతున్నట్టు. తర్వాత కూర్చున్నారు. నేను కూడా ఇవతల తలుపు సందు దగ్గర కూర్చున్నాను. ఎండ మెట్లమీంచి జారి కిందికి పోయేదాకా మీరు అక్కడే ఉన్నారు. నీళ్ళు అడుగుతారేమో అనుకున్నాను. అడిగి ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు. అడగలేదు. లేచేటప్పుడు మోకాలు పట్టేసి, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి వెళ్ళారు. మీరు వీధి చివర కనపడకుండా పోయేదాకా చూశాను.

మీరు నేను లేనని అనుకుని వెళ్ళారు. లేనప్పుడు వచ్చాను, కలవడం కుదరలేదు, మళ్ళీ ఎప్పుడైనా వెళ్తే ఉంటుంది అని మీరు అనుకుంటూ బతకడం నాకిష్టం లేదు.

ఉన్నాను.